జకార్తాలో స్టాపరు స్థానం

1962 సెప్టెంబరు 4న జకార్తాలోని సెనయాన్ స్టేడియంలో దక్షిణ కొరియాతో ఆసియా క్రీడల ఫైనలు ఆడిన భారత ఫుట్‌బాల్ జట్టు పట్టీని ఒక్కసారి నిదానంగా చదవండి. గోలు కాచినవాడు పీటర్ తంగరాజ్. వెనక వరసలో చంద్రశేఖర్, అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్. నడుమ ఫ్రాంకో, ప్రశాంత సిన్హా. ముందు వరసలో పి.కె.బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నైల్ సింగ్, జట్టు నాయకుడు చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం. ఆ కాలపు ఆట తెలిసినవారికి ఇందులో ఒక పేరు అచ్చుతప్పులాగా తోస్తుంది. జర్నైల్ సింగ్ ముందు వరసలో ఉండవలసినవాడు కాడు. అప్పటికి దేశంలోకెల్లా పేరుమోసిన స్టాపరు ఆయన. గోలు ముందర గోడలా నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపడం ఆయన పని. ఆ పనిలో ఆ రోజు ఉన్నవాడు అరుణ్ ఘోష్.

ఈ కథను మనవాళ్లు చెప్పుకొనే తీరు అందరికీ తెలిసినదే. తలకు ఆరు కుట్లు పడిన వీరుడు కట్టుతోనే బరిలోకి దిగాడు, గోలు కొట్టాడు, దేశానికి బంగారం తెచ్చాడు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ‘మైదాన్’ సినిమా తరవాత ఆ వీరగాథ ఇంకాస్త ప్రచారమయింది. అందులో అసత్యమేమీ లేదు. కాని వీరుని మీదే చూపు నిలిపితే, ఆ వీరుణ్ణి అక్కడ పెట్టిన మనిషి చేసిన ఆలోచన మరుగున పడిపోతుంది. ఆ మనిషి హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఒక్క చోటుకు సరిపోయే ఇద్దరు ఆటగాళ్లు చేతిలో ఉన్నప్పుడు శిక్షకుడు ఏం చేయాలన్న పాత ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు నా దృష్టిలో ఆ గోలుకంటె గొప్పది.

ముందుగా ఆ చోటు సంగతి చెప్పాలి, ఎందుకంటే స్టాపరు అనే స్థానం ఫుట్‌బాల్‌లో మొదటినుంచీ లేదు. పాతకాలపు ఆటలో గోలీ ముందర ఇద్దరే బ్యాకులు. వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ఆపైన ఐదుగురు ఫార్వర్డులు. ఇద్దరు బ్యాకుల్లో ఒకడు కుడి, ఒకడు ఎడమ. అందుచేత మంచి రక్షకులు ఇద్దరుంటే ఇద్దరికీ చోటుండేది, పేచీ మూడోవాడితోనే. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు బంతి అందుకొనే ఫార్వర్డుకూ గోలు గీతకూ నడుమ ప్రత్యర్థులు ముగ్గురుండాలి. ఇకమీదట ఇద్దరుంటే చాలునన్నారు. దాంతో ఫార్వర్డులకు రెక్కలొచ్చాయి, గోళ్లు కుప్పతెప్పలుగా పడసాగాయి. ఆ వరదకు అడ్డుకట్టగా ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు, హెర్బర్ట్ చాప్‌మన్ శిక్షణలో, నడిమి హాఫ్‌బ్యాకును వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల మధ్య నిలబెట్టింది. వాడే మూడో బ్యాకు, వాడే స్టాపరు. బంతిని ముందుకు నడిపించే పెత్తనం పోయి, ఎదుటి సెంటర్ ఫార్వర్డును నీడలా వెంటాడే కాపలా పని వాడికి దక్కింది.

గమనించవలసిన విషయం ఏమంటే, ఈ ఏర్పాటులో కుడి బ్యాకుకు ఎడమ బ్యాకు జోడు ఉన్నాడు, ఒక హాఫ్‌బ్యాకుకు మరొక హాఫ్‌బ్యాకు జోడు. స్టాపరుకు మాత్రం జోడు లేదు. జట్టు మొత్తంలో గోలీ తరవాత అంత ఒంటరి స్థానం అదే. ఇద్దరు మంచి స్టాపర్లు ఒకే జట్టులో ఉంటే ఒకడు నిలవాలి, ఇంకొకడు తప్పుకోవాలి.

మన దేశానికి ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో ఆడి 1-2తో ఓడిన మన జట్టు పాత పద్ధతిదే, మనవారిలో చాలామందికి కాళ్లకు బూట్లు కూడా లేవు. రెండు పెనాల్టీలు చేజారకపోయి ఉంటే ఆ ఆట మనదే. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం గెలిచాము. అదీ పాత పద్ధతే. మరుసటి ఏడు హెల్సింకిలో యుగోస్లావియా మన మీద పది గోళ్లు వేసింది. మనకు దక్కింది ఒకటి, అహ్మద్ ఖాన్ కొట్టినది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి, మూడో బ్యాకు మాట చర్చకు వచ్చింది. ఢిల్లీలోనూ హెల్సింకిలోనూ జట్టు శిక్షకుడు రహీమే. పది గోళ్ల అవమానాన్ని ఒడ్డున కూర్చుని కళ్లారా చూసినవాడు వెనక వరస గురించి ఆ తరవాత జీవితమంతా ఆలోచించాడంటే ఆశ్చర్యమేముంది?

రహీం 1909లో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకొన్నవాడు. 1940ల తొలినాళ్లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టి, చనిపోయేదాకా వదల్లేదు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు గెలిచింది. అప్పటికి దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. ఆ కలకత్తా పెద్దజట్లను కానిస్టేబుళ్లతో కూడిన ఒక నిజాం నగరపు జట్టు ఏటేటా మట్టి కరిపిస్తూ వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. నేను రాజంపేటలో కూర్చుని ఇది రాస్తున్నాను. మా వైపు బంతాట అంటే వాలీబాలే, తరవాత క్రికెట్టు. చెడుగుడు సరేసరి. ఫుట్‌బాల్ మా నేలలో వేరూనలేదు. అందుకు చరిత్రలో ఒక కారణం కనబడుతుంది. సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పులు గెలిచిన రోజుల్లో రాజంపేట మద్రాసు రాష్ట్రంలోది, 1953 అక్టోబరు నుంచి ఆంధ్ర రాష్ట్రంలోది. హైదరాబాదు మనకు పరాయి రాష్ట్రపు రాజధాని. మద్రాసు–బొంబాయి రైలు మా ఊరి మీదుగానే పోతుంది కాబట్టి ఆ రెండు నగరాల కబుర్లూ మాకు అందేవి, హైదరాబాదు కబుర్లు అంతగా అందేవి కావు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, రహీం శిక్షణలోని భారత జట్టు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలుకు చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. ఆసియా జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలుకు చేరడం అదే మొదలు. అంటే రహీం ‘మన రాష్ట్రపువాడు’ అయిన నెలకే భారత ఫుట్‌బాల్ అంతవరకు ఎక్కనంత ఎత్తుకు ఎక్కింది. అయినా తెలుగులో ఆయన గురించి రాసినది బహు తక్కువ. హైదరాబాదు ఫుట్‌బాల్ ఉర్దూలో మాట్లాడింది, పోలీసు లైన్లలోనూ సికింద్రాబాదు కంటోన్మెంటులోనూ బతికింది. తెలుగు పుస్తకానికి అది దూరపు చుట్టమే అయింది. రాయలసీమలో ఫుట్‌బాల్‌కు పిల్లల స్థాయిలో ఊపిరి పోసినది చాలా తరవాత అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు.

అసలు దారికి వద్దాం. రహీం తన ఆటగాళ్లకు పెట్టిన కొన్ని పోటీలు విచిత్రమైనవి. బంతిని కాలితో తిప్పుకొంటూ పోవడం నిషిద్ధమైన పోటీ ఒకటి: అందిన బంతి అందినట్టే మరొకరికి పోవాలి. బలహీనమైన కాలితోనే తన్నవలసిన పోటీ మరొకటి: కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. చూసేవారికి ఇది వినోదంలా ఉండవచ్చు. దాని ఫలం మాత్రం జట్టు ఎంపిక రోజున తెలుస్తుంది. రెండు కాళ్లూ పనిచేసే బ్యాకు కుడిపక్కా ఆడగలడు, ఎడమపక్కా ఆడగలడు. తిప్పుకోకుండా బంతిని వదిలే అలవాటున్న రక్షకుడు హాఫ్‌బ్యాకుగానూ పనికివస్తాడు. ఒక మనిషికి రెండు చోట్లు నేర్పితే, ఒక చోటుకు ఇద్దరు పోటీపడినప్పుడు శిక్షకుని చేతికి కొంత వెసులుబాటు దొరుకుతుంది.

ఈ వెసులుబాటు నాడు ఎంత విలువైనదో నేటి ప్రేక్షకునికి తట్టదు. ఇప్పుడు ఆట నడుస్తుండగానే ఐదుగురిని మార్చుకోవచ్చు. ప్రపంచకప్పులోనైతే 1970 దాకా ఒక్కణ్ణి మార్చే వీలు కూడా లేదు. బరిలోకి దిగిన పదకొండుగురే తొంభై నిమిషాలూ ఆడాలి. ఒకడు కుంటితే పక్కన నిలబడి లెక్కకు మిగలాలి, లేదా జట్టు పదిమందితో గట్టెక్కాలి. కాబట్టి స్టాపరు స్థానంలో ఎవరిని పెట్టాలన్నది సాయంత్రానికి దిద్దుకోగల నిర్ణయం కాదు. ఫార్వర్డు తప్పు చేస్తే ఒక అవకాశం పోతుంది, పది నిమిషాల్లో అందరూ మరిచిపోతారు. స్టాపరు తప్పు చేస్తే గోలు పడుతుంది, దాన్ని అంకెగా రాసిపెడతారు. శిక్షకులు వెనక వరసను కదపడానికి జంకేది అందుకే.

ఇక ఆ ఇద్దరు. జర్నైల్ సింగ్ 1936లో పుట్టాడు. దేశవిభజన నాడు పడమటి పంజాబు వదిలి హోషియార్‌పూర్ జిల్లాకు చేరిన కుటుంబం ఆయనది. మాహిల్‌పూర్ ఖాల్సా కళాశాలలో ఆడి, కలకత్తాలో రాజస్థాన్ క్లబ్బు మీదుగా 1959లో మోహన్ బగాన్‌కు వచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. బంతి మీదికి జారుతూ పోయి లాగేసే ఆయన ఆట తీరు చూసి ఫార్వర్డులు దారి మార్చుకొనేవారట. అరుణ్ ఘోష్ 1941లో పుట్టినవాడు, హౌరా కుర్రవాడు. ఆయన ఆట దీనికి పూర్తిగా భిన్నం: దూకుడు తక్కువ, ముందుచూపు ఎక్కువ. బంతి ఎక్కడికి రానున్నదో అక్కడికి ముందే వెళ్లి నిలబడే రకం. జకార్తా నాటికి ఒకడు మోహన్ బగాన్ స్తంభం, ఇంకొకడు ఈస్ట్ బెంగాల్ స్తంభం. కలకత్తా వీధుల్లో ఈ ఇద్దరిలో ఎవడు మేలన్న తగవుకు అంతుండేది కాదని వేరే చెప్పాలా?

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఇద్దరూ ఉన్నారు. హంగేరీతో 1-2తో ఓడాము, ఫ్రాన్సును 1-1తో నిలవరించాము, పెరూ చేతిలో 1-3తో ఓడాము. కాంస్యం గెలిచిన హంగేరీని అంతవరకు రానీయడం ఆ వెనక వరస సత్తాకు గుర్తు. రోమ్ జట్టు గురించి మరొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ జట్టులో రహీం సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం హాఫ్‌బ్యాకుగా ఉన్నాడు. మూడు ఆటల్లో ఒక్కదానిలోనూ తండ్రి కొడుకును దించలేదు. హకీం తరవాత వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరు అయ్యాడు, అంతర్జాతీయ రెఫరీ అయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొన్నాడు, 2021లో కన్నుమూశాడు. ఒలింపియన్ అని పేరుంది గాని ఒలింపిక్ మైదానం మీద ఒక్క నిమిషం ఆడలేదు. ఆ ఇంట్లో రాత్రి భోజనాల వేళ ఆ మాట ఎప్పుడైనా వచ్చి ఉంటుందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. కొడుకు విషయంలో చేయి వణకనివాడు జర్నైల్, అరుణ్‌ల విషయంలో తడబడతాడా?

జర్నైల్ స్టాపరుగా నిలిచినంతకాలం అరుణ్ పక్క బ్యాకుగా సర్దుకోవాలి, లేదా బయట కూర్చోవాలి. ఇరవై ఒక్కేళ్ల వయసులో ఆ స్థానానికి అన్నివిధాలా తగినవాడు మరొకడు ఖాళీ చేసేదాకా కాచుకొని ఉండవలసిందే. 1962 ఆగస్టులో జట్టు జకార్తా చేరేనాటికి పరిస్థితి అది.

ఆగస్టు 26న దక్షిణ కొరియాతో మొదటి ఆట. 0-2తో ఓడాము. రెండు రోజులకు థాయిలాండ్‌ను 4-1తో గెలిచాము గాని, ఆ ఆటలో జర్నైల్ తల పగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. మరునాడే జపాను. పి.కె., బలరాం చెరొక గోలు కొట్టగా 2-0తో గట్టెక్కి సెమీఫైనలుకు చేరాము. సెప్టెంబరు 1న దక్షిణ వియత్నాంతో సెమీఫైనలు. నడుమ ఉన్నవి రెండే రెండు విరామపు రోజులు. రహీం ముందున్న చిక్కు ఇప్పుడు సూటిగా కనిపిస్తుంది.

మామూలు శిక్షకునికి రెండు దారులు. కుట్లున్నా ఫరవాలేదని మొదటి స్టాపరును ఆడించడం ఒకటి. తలకు దెబ్బ తగిలినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి రెండో స్టాపరును దించడం మరొకటి. మొదటి దారిలో ప్రమాదం ఉంది. స్టాపరుకు తలతో బంతిని కొట్టడం తప్పించుకొనే వీలులేని పని. గోలు ముందుకు గాలిలో వచ్చే ప్రతి బంతినీ ఎదుటివాడు పంపుతాడు, ఎప్పుడు పంపాలో వాడే నిర్ణయిస్తాడు. కుట్లు పిగులుతాయని స్టాపరు ఒక్కసారి తల పక్కకు తిప్పినా గోలు పడుతుంది. రెండో దారిలో నష్టం ఉంది. జర్నైల్ వంటి బలవంతుణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి సెమీఫైనలు ఆడడం ఏ జట్టు భరించగలదు?

రహీం పట్టుకొన్న మూడో దారికి ఆధారం ఒక పాత సంగతి. కళాశాల రోజుల్లో జర్నైల్ ఆడినది సెంటర్ ఫార్వర్డుగా. ఆ సంగతి రహీం మరిచిపోలేదు. స్టాపరు చోటును అరుణ్ ఘోష్‌కు పూర్తిగా అప్పగించి జర్నైల్‌ను దాడి వరస నడుమకు పంపాడు. దీనిలోని తర్కం నాకు ఇలా బోధపడుతుంది: ఫార్వర్డుకు గాలిలో వచ్చిన బంతికి తల ఆనించాలా వద్దా అన్న నిర్ణయం చాలామట్టుకు తనదే, తప్పించుకొన్నా సొంత గోలుకు ముప్పు లేదు. అతని భుజబలం మాత్రం ఎదుటి రక్షకుల నడుమ అల్లకల్లోలం పుట్టిస్తుంది. స్టాపరు ఎక్కడ ఇబ్బంది పడతాడో స్టాపరుకు తెలిసినట్టు మరొకరికి తెలియదు గదా! సెమీఫైనలు 3-2తో గెలిచాము. చునీ రెండు, జర్నైల్ ఒకటి.

ఒక ఆటకు పనికివచ్చిన ఉపాయం రెండో ఆటకు పనికిరాకపోవచ్చు. ఫైనలులో మళ్లీ కొరియా. తొమ్మిది రోజుల కిందట రెండు గోళ్లతో మనల్ని ఓడించిన జట్టు. అప్పటికి జర్నైల్ గాయానికి వారం గడిచింది. అతణ్ణి వెనక్కి, తన సొంత చోటుకు తెచ్చుకోవాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. రహీం వెనక వరసను కదపలేదు. అరుణ్ ఘోష్ స్టాపరుగానే ఉన్నాడు. నా మటుకు ఈ రెండో నిర్ణయం మొదటిదానికంటె గట్టిది. మొదటిసారి అరుణ్‌కు ఆ చోటు గాయం పుణ్యమా అని వచ్చింది. రెండోసారి శిక్షకుని నమ్మకం వల్ల వచ్చింది.

అదే పట్టీలో ఇంకొక ఎంపిక ఉంది. అంతకుముందు ప్రద్యుత్ బర్మన్ గోలు కాశాడు, ఎందుకంటే తంగరాజ్‌కు జ్వరం. బర్మన్ ఆటలో వంక లేదు. అయినా ఫైనలుకు రహీం తంగరాజ్‌ను పిలిచాడు. తంగరాజ్ ఆరడుగులు దాటిన మనిషి, హైదరాబాదులో పుట్టి సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి సైన్యంలోకి వెళ్లినవాడు. కొరియావాళ్లు బంతిని ఎత్తుగా గోలు ముందుకు వేస్తారు, దాన్ని గాలిలోనే అందుకోవడానికి ఆ పొడుగు కావాలి. స్టాపరు మారినప్పుడు గోలీ పొడుగు అక్కరకు రావడం కాకతాళీయం కాదనుకొంటాను. జర్నైల్ తల చేయవలసిన పనిలో కొంత తంగరాజ్ చేతులు పంచుకొన్నాయి.

ఒకరిని ముందుకు జరిపితే ఆ చోట ఉండవలసినవాడు ఎక్కడికి పోతాడు? ఈ ప్రశ్నను వీరగాథలు అడగవు. జకార్తా వెళ్లిన జట్టులో దాడి వరసకు చెందిన అఫ్జల్, ఎతిరాజ్, అరుమైనాయగం ఉన్నారు. ఫైనలులో ముగ్గురికీ చోటు లేదు. వీరిలో డి.ఎం.కె.అఫ్జల్ హైదరాబాదు ఆటగాడు, రహీం ఎరిగిన నేల మీద పెరిగినవాడు. తన నగరపు ఫార్వర్డును కూర్చోబెట్టి, తలకు కుట్లున్న పంజాబీ స్టాపరును ఫార్వర్డుగా ఆడించాడు ఆ పెద్దమనిషి. రక్షకులిద్దరి నడుమ పోటీ తీరింది గాని దాని ఖరీదు చెల్లించినవాడు ఒక ఫార్వర్డు. ఆ లెక్క ఎప్పుడూ ఇంతే: వెనక ఇద్దరికి చోటు చేస్తే ముందు ఒకరికి పోతుంది. అఫ్జల్‌కు బంగారు పతకం వచ్చింది. ఫైనలు రోజున ఆయన ఒడ్డునుంచి ఆట చూస్తూ ఏమనుకొన్నాడో, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం స్టేడియం గురించి రెండు మాటలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానీయకపోవడం మీద ఒలింపిక్ సంఘ సభ్యుడైన మన జి.డి.సోంధీ అభ్యంతరం లేవదీశాడు. జకార్తా జనం భారతీయుల మీద మండిపడి ఉన్నారు. రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. లక్షమంది దాకా కిక్కిరిసిన స్టేడియంలో మనవారు బంతి తాకిన ప్రతిసారీ ఈలలూ గేలీ. మనవైపు అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టువారు ఉన్నారని మన ఆటగాళ్లు తరవాత ఎంతోకాలం చెప్పుకొన్నారు. అప్పటికే రహీం ఊపిరితిత్తుల జబ్బుతో కృశిస్తున్నాడు. ముందు రాత్రి ఆటగాళ్లను కూడగట్టి తనకొక కానుక కావాలని, అది బంగారం కావాలని అడిగాడంటారు.

పదిహేడో నిమిషంలో పి.కె. గోలు కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్. అక్కడినుంచి డెబ్బై నిమిషాలు కాపాడుకోవడమే. మనం గోళ్ల గురించి మాట్లాడుకొంటాము గాని ఆ డెబ్బై నిమిషాలు ఎవరివో ఆలోచించండి. చంద్రశేఖర్, త్రిలోక్ ఇరుపక్కల, నడుమ అరుణ్ ఘోష్, వెనక తంగరాజ్. కొరియా ఒక్క గోలు కొట్టగలిగింది, అదీ ఎనభై ఐదో నిమిషంలో. 2-1. మొదటి ఆటలో రెండు గోళ్లు మింగిన వెనక వరస ఫైనలులో ఎనభై నాలుగు నిమిషాలు గీత దాటనీయలేదు. జర్నైల్ ముందుకు పోవడం ఎంత సబబో చెప్పడానికి అతని గోలు సాక్ష్యం. అరుణ్ ఆ చోటుకు తగినవాడనడానికి ఆ ఎనభై నాలుగు నిమిషాలు సాక్ష్యం. పతాక శీర్షికలు మొదటి సాక్ష్యాన్నే పట్టుకొన్నాయి.

ఒక అభ్యంతరం న్యాయంగా చెప్పాలి. తల పగిలిన మనిషిని వారంలో రెండుసార్లు ఆడించడం నేటి వైద్యులు ఒప్పుకోరు. తలకు తగిలిన దెబ్బ పైకి కనిపించే కుట్లతో పోదని ఇప్పుడు తెలుసు. ఇవాళ ఆ పరిస్థితి వస్తే జర్నైల్‌కు ఫార్వర్డు చోటు కాదు గదా, డ్రెస్సింగు గది చోటే దక్కుతుంది. అప్పటి తెలివిడితో అప్పటి మనిషి చేసిన నిర్ణయాన్ని నేటి కొలతతో తప్పుపట్టను గాని, దాన్ని ఆదర్శమని పిల్లలకు చెప్పడానికి కూడా మనసొప్పదు.

రహీం 1963 జూన్ 11న చనిపోయాడు. జకార్తా నుంచి లెక్కిస్తే తొమ్మిది నెలలు. ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఆసియా క్రీడల బంగారం మళ్లీ రాలేదు. స్టాపరు స్థానానికి మాత్రం హైదరాబాదు మరొకరిని తయారుచేసి పెట్టి ఉంది. 1944లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు పోలీసు జట్టులో ఆడి, 1964లో భారత జట్టులోకి వచ్చాడు. జర్నైల్, అరుణ్ ఇద్దరూ ఇంకా ఆడుతున్న రోజులవి. ఒక చోటుకు ముగ్గురు! కాని అప్పటికి మన జట్లు వెనక నలుగురితో ఆడే పద్ధతికి మళ్లుతున్నాయి, నడుమ ఇద్దరికి తావు ఏర్పడింది. స్టాపరు ఒంటరితనం ఆ విధంగా ఆటే మారి తీరిపోయింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీం నాయకుడు.

అర్జున పురస్కారాల పట్టీ చూస్తే ఫుట్‌బాల్‌లో 1961 పి.కె., 1962 బలరాం, 1963 చునీ, 1964 జర్నైల్ సింగ్, 1965 అరుణ్ ఘోష్, 1966 యూసుఫ్ ఖాన్, 1967 తంగరాజ్. ఆ ఫైనలు ఆడిన పదకొండుగురిలో ఏడుగురు ఏడేళ్లలో వరసగా వచ్చారు. ఆ పట్టీలో బర్మన్ పేరు లేదు, అఫ్జల్ పేరు లేదు.